ఎర్ర దారం విప్పిన కుర్చీ

కూర్చడం నా వంతు, కూర్చోవడం ఊరి వంతు. పాతికేళ్ళుగా విరిగిన కుర్చీలు బాగుచేసే బతుకుతున్నాను. మా కొట్లో కట్టుబాటు ఒక్కటే. కుర్చీకాలికి ఎర్ర దారం చుట్టి ఉందంటే లోపల జిగురు పచ్చిగా ఉందని అర్థం. ఒక రోజంతా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, నాతో సహా.

మా ఆవిడ చెల్లెలు కాలేజీలో తత్వశాస్త్రం చెబుతుంది. ఈ ఏడు 'కొత్త వాస్తవవాదం' అని ఓ కోర్సు పెడితే ముగ్గురే చేరారు. పరిచయ ప్రసంగం అయ్యేసరికి పన్నెండు పేర్లు రాకపోతే కోర్సు ఎత్తేస్తామన్నారు ప్రిన్సిపాల్‌గారు. ప్రసంగం రోజు పొద్దున్నే మరదలు కొట్టుకొచ్చింది.

"వాదమేమిటే? నాకు తెలిసింది మోకాళ్ళ వాతం ఒక్కటే."

"విను బావా. మనిషికి తోచే లోకం గురించే మాట్లాడాలి, మనిషి లేని లోకం జోలికి పోకూడదు అనేవారు ఇన్నాళ్ళూ. ఈ కొత్తవాళ్ళు పోవాల్సిందే అంటున్నారు. మనం చూడకపోయినా కుర్చీ ఉంటుంది. మనకి తెలిసినదానికంటే ఎక్కువే ఉంటుంది."

"ఆ ముక్క మీ అక్కకి చెప్పు. నేను తనకి తెలిసినదానికంటే ఎక్కువంటే నమ్మదు."

"నువ్వు ఎక్కువేలే, వీధంతా అదే మాట. ఓ కుర్చీ ఇయ్యి, వేదిక మీద చూపించాలి."

"నచ్చింది పట్టుకుపో" అని రంపం తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బల్లమీద ఎర్ర దారం బుద్ధిగా ఉండచుట్టి ఉంది. ఆమె తత్వం నాకు తత్తరపాటైంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

నేను హాలు గుమ్మంలోకి వచ్చేసరికి మరదలు, "ఈ కుర్చీ మన కోసం లేదు" అంటోంది. ఆలస్యంగా వచ్చిన ప్రిన్సిపాల్‌గారు అది తన కోసమే అనుకుని వెళ్ళి కూర్చున్నారు.

"లేవండి సార్" అన్నాను. ఆయన లేవలేదు, కాలే ఊడింది. పెద్దాయన మెల్లగా జారి నేలమీద బాసింపట్టు వేశారు. హాల్లో ఎవరూ నవ్వడానికి సాహసించలేదు.

"దారం ఎందుకు విప్పావే?" అన్నాను.

"చూడ్డానికి బాలేదని బావా." అంటూనే పిల్లలవైపు తిరిగింది. "చూశారా, సార్ ఇది గట్టి కుర్చీ అనుకున్నారు. నేను బాగైపోయిందనుకున్నాను. చెక్కా జిగురూ మా ఇద్దరి మాటా వినలేదు. వాటి మధ్య పని వాటిది, మనం ఏమనుకున్నా సరే."

ప్రిన్సిపాల్‌గారు కిందనుంచే అడిగారు. "మరి మీ బావకి తెలుసుగా?"

"నాకూ తెలీదు సార్" అన్నాను. "లోపల ఎంతవరకు పట్టిందో పైకి కనబడదు. తెలీదు కాబట్టే దారం కడతాను."

ఆయన పకపకా నవ్వారు. దాంతో హాలంతా నవ్వింది. పేర్ల కాగితం బెంచీలమీదుగా తిరిగి పదకొండుతో వెనక్కొచ్చింది.

"ఒకటి తక్కువమ్మా" అన్నారాయన నడుం నొక్కుకుంటూ. మరదలు తలొంచుకుంది. ఆయన కలం నా చేతిలో పెట్టారు. "బయటివాళ్ళు చేరకూడదని ఎక్కడా లేదు."

మొదటి క్లాసు నాడు నేను ఆఖరి బెంచీలో కూర్చున్నాను. పిల్లలంతా కూర్చోబోయే ముందు వంగి బెంచీల కాళ్ళు చూసుకున్నారు. ఆ కుర్చీ మళ్ళీ వేదిక మీదే ఉంది, కాలికి ఎర్ర దారంతో. దారం విప్పబోతూ మరదలు అక్కణ్ణించే అడిగింది.

"బావా, విప్పనా?"

"రేపు" అన్నాను.