ఎక్కడ సేవ్ చేశావు?

ఆ కాలేజీలో కంప్యూటర్ మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు ‘సేవ్ మాస్టారు’. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. క్లాసు మొదలైన దగ్గర్నుంచి గంట కొట్టేదాకా ఆయన నోట ఆ మాట తప్ప ఇంకో మాట వచ్చేది తక్కువ. అయినా అంతా దున్నపోతు మీద వాన కురిసినట్టే. పుట్టిన దగ్గర్నుంచీ ఫోన్లతో పెరిగిన పిల్లలాయె. ఫోన్లో ఏదైనా దానంతటదే దాక్కుంటుంది, కావలసినప్పుడు దానంతటదే బయటికొస్తుంది. ఫైలంటే ఏమిటో, ఫోల్డరంటే ఏమిటో చెప్పబోతే, ఇంత చిన్న సంగతికి ఈయన గొంతు చించుకోవడం దేనికన్నట్టు చూసేవారు. ఒకడైతే టైపు చేసిన పేజీని ఫోనుతో ఫొటో తీసి, “సేవ్ చేశాను సార్” అన్నాడు.

మొదటి ఏడాది వాళ్ళందరికీ అది తప్పనిసరి కోర్సు. ముందు కంప్యూటర్ ఓనమాలు, ఆ తర్వాత కాస్త ఆడియో, కాస్త వీడియో. ల్యాబ్‌లో ఒక కిటికీ మూసుకోదు, ఇంకోటి తెరుచుకోదు. ఉన్న కంప్యూటర్ల నిండా పిల్లలు ఆటలూ సినిమాలూ కుక్కి, వాటితోపాటు వైరస్‌లూ తెచ్చిపెట్టారు. బాగుచేసి చేసి మాస్టారికి ప్రాణం విసిగింది. చివరికి ఒక ఏర్పాటు చేశారు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే, మధ్యలో ఎవరు ఏం పెట్టినా పలక కడిగినట్టు తుడిచిపెట్టుకుపోతుంది. ‘మీ పని మీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఇక్కడ వదిలితే నా పూచీ లేదు’ అని బోర్డు మీద రాసి, చేతులు దులుపుకున్నారు.

ఆ ఏడు ఆఖరి ప్రాజెక్టు, ఇంట్లో ఎవరిదైనా ఒక గొంతును రికార్డు చేసి, అవసరం లేనిది కోసేసి, చిన్న ఆడియోగా ఇవ్వడం. ఇవ్వవలసిన రోజుకు ముందురోజు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం ఎలాగో మాస్టారు మళ్ళీ మొదటినుంచి చెబుతూంటే వెనక బెంచీలో ఫోను మోగింది.

“మెట్టు మీద ఎవరూ నిలబడొద్దు. లోపల బోలెడంత చోటుంది. ముందుకు జరగండి బాబూ, ముందుకు జరగండి.”

క్లాసంతా గొల్లుమంది. అరికాలి మంట నెత్తికెక్కింది మాస్టారికి. ఆ ఫోను ‘టవర్’ అనే పొడుగాటి కుర్రాడిది.

“ఏమిట్రా ఆ వెకిలితనం?”

“రింగ్‌టోన్ సార్. అది మామూలుది కాదు సార్, అది మన క్లాసులో...”

“నోరు ముయ్యి. నీకు ఎక్కడ చోటుందో నేను చూపిస్తా. బయటికి నడు. రేపు మీ అమ్మనో నాన్ననో తీసుకొస్తేగానీ ఫోను ఇవ్వను.”

ఫోను సొరుగులోకి వెళ్ళింది. టవర్ వరండాలోకి వెళ్ళాడు. మాస్టారు ఎక్కడ ఆపారో మరిచిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు.

మర్నాడు ఒక్కొక్కరే పెన్‌డ్రైవ్ తెచ్చి ఇస్తున్నారు. ఒకదాంట్లో ఏమీ లేదు. ఇంకోదాంట్లో పెళ్ళి ఫొటోలున్నాయి. మాస్టారు పళ్ళు కొరుకుతూ మార్కులు వేసుకుంటూ పోయారు. ఆఖరున రెండో వరసలో కూర్చునే అమ్మాయి వచ్చింది. ఇంట్లో ఏదో ఇబ్బందని చాలా రోజులుగా క్లాసుకు రాలేదు. ఆయన చెప్పిన ప్రతి ముక్కా రాసుకునేది ఆ క్లాసు మొత్తానికి ఆ పిల్ల ఒక్కతే. ఇదొక్కటైనా సరిగ్గా ఉంటుందనుకుంటూ పెన్‌డ్రైవ్ తెరిచారు.

‘నాన్న గొంతు’ అని ఒకే ఒక బొమ్మ. దాని మూల చిన్న బాణం గుర్తు. నొక్కితే, అలాంటిదేమీ లేదు పొమ్మంది కంప్యూటర్.

మాస్టారు తల పట్టుకున్నారు.

“ఇది ఫైలు కాదమ్మా, షార్ట్‌కట్. ఫైలు ఎక్కడుందో చెప్పే గుర్తు. మనిషిని తీసుకురమ్మంటే అడ్రసు చీటీ తెచ్చావు. అసలుది ఎక్కడ సేవ్ చేశావు?”

“నా కంప్యూటర్లోనే సార్. కంట్రోల్ ఎస్ కొట్టాను. అనుమానమొచ్చి మళ్ళీ కొట్టాను. తెర మీద కనబడ్డదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆపేసి వెళ్ళాను.”

“ఆపేశావా! పోనీ ఫోన్లో ఉందా?”

“తీసేశాను సార్. కంప్యూటర్లోకి ఎక్కించాక ఫోను ఖాళీ చేసుకోమని మీరే చెప్పారు కదా. చెత్తబుట్టతో సహా ఖాళీ చేశాను.”

పోయిందని తెలిసీ మాస్టారు లేచి, ఆ అమ్మాయి కూర్చునే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి వెతికారు. కడిగిన పలకలా ఉంది. ఆ గదిలో ఆయన చేసిన ఏర్పాట్లలో ఒక్కటంటే ఒక్కటి పొల్లుపోకుండా పనిచేసింది, అదీ ఈ పిల్ల విషయంలో.

“చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది” అన్నారు విసుగ్గా తిరిగొస్తూ. “సరే, ఎల్లుండిదాకా గడువిస్తాను. మళ్ళీ రికార్డు చేసి తీసుకురా.”

“కుదరదు సార్.”

“ఎందుకు కుదరదు? మీ నాన్నను నాలుగు మాటలు మాట్లాడమంటే సరిపోతుంది.”

“నాన్న మాట్లాడలేరు సార్. పోయిన వారం ఆపరేషన్ అయింది. గొంతులో ఏదో పెరిగిందని, మాట వచ్చే భాగం మొత్తం తీసేశారు.” ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్ వంకే చూస్తూ చెప్పింది. “నాన్న బస్సు కండక్టరు సార్. ఆస్పత్రిలో చేరే ముందు ఆఖరి డ్యూటీ రోజున వెంట వెళ్ళి రికార్డు చేశాను. నిన్న కాగితం మీద రాసి అడిగారు, నా గొంతు జాగ్రత్తగా ఉందా అని. సేవ్ చేశాను నాన్నా అన్నాను.”

మాస్టారు బోర్డు మీద తను రాసిన మాటల వంక చూశారు. ఏడాది పొడుగునా సేవ్, సేవ్ అని అరిచారేగానీ, ‘ఎక్కడ’ అని ఈ పిల్లను ఒక్కసారైనా అడిగారా? బుద్ధిగా వింటోంది కదా అని, ఆమె సీటు దాకా వెళ్ళి చూసిన పాపాన పోలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు సొరుగు మోగింది.

“మెట్టు మీద ఎవరూ నిలబడొద్దు...”

ఆయన అలవాటుకొద్దీ చిరాగ్గా సొరుగు లాగి ఫోను తీశారు. తెర మీద ‘అమ్మ’ అని ఉంది. దాని నోరు నొక్కేయబోతూంటే ఆ అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఎత్తకండి సార్. అది నాన్న.”

“...లోపల బోలెడంత చోటుంది. ముందుకు జరగండి బాబూ, ముందుకు జరగండి.”

మోగి మోగి ఆగింది. ఆ అమ్మాయి ఏడుస్తోంది. గుమ్మంలో టవర్ బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు.

“నేనే తీసుకున్నాను సార్. తను ల్యాబ్‌లో దీన్ని ఎక్కిస్తున్న రోజు పక్క సీట్లో వింటే భలే అనిపించి, అడిగి నా ఫోన్లో పెట్టించుకున్నాను. ఆ ఒక్క ముక్కే ఉంది, మొత్తం లేదు. నిన్న చెప్పబోతే మీరు...” సగంలో ఆపి, “అమ్మ వచ్చింది సార్, కింద ఉంది. ఫోను మీ దగ్గరుందని మరిచిపోయి, ల్యాబ్ ఎక్కడో అడగడానికి నాకు చేస్తోంది. పిలుచుకొస్తాను” అన్నాడు.

“ఇప్పుడే వద్దురా” అన్నారు మాస్టారు, ఫోనును ఆ అమ్మాయి ముందు బల్ల మీద పెడుతూ. “ఇంకోసారి చెయ్యమను.”