మేబ్రీని తెచ్చుకున్న ఏడాది

అప్పట్లో ఈరీ హార్బర్‌మెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రిసీవర్లకు నేను కోచ్‌ని. క్వార్టర్‌బ్యాక్ విసిరే బంతి కోసం పరిగెత్తి, దాన్ని గాల్లోనే అందుకోవడం రిసీవర్ల పని. నా దగ్గరున్న వాళ్లందరూ గుమ్మంలో పక్కకి తిరిగితేనే లోపలికొచ్చే మనుషులు. చేతులు బంగారం. పరుగే లేదు. తొంభై ఆరు అక్టోబర్‌కి ఆరు ఆటలాడి నాలుగు ఓడిపోయాం.

ఎందుకు ఓడుతున్నామో నాకు తెలుసు. తమని దాటి వెనక్కి దూసుకుపోయేవాడు మాలో ఒక్కడూ లేడని ఎదుటి జట్లన్నీ కనిపెట్టేశాయి. అందుకని వాళ్లందరూ ముందుకొచ్చి గోడ కట్టినట్టు నిలబడేవాళ్లు. మేం ఎటు కదిలినా గుద్దుకోవడమే.

డెల్విన్ మేబ్రీని అడిగి తెచ్చుకుందామన్నది నా ఆలోచన. దక్షిణాది జట్టొకటి అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఐదడుగుల ఏడంగుళాల మనిషి. ఫ్లోరిడాలో చెరకు తోటల మధ్య పుట్టి, తోటలు కాల్చేటప్పుడు బయటికురికే కుందేళ్లని చేత్తో పట్టుకుంటూ పెరిగాడు. అతన్నివ్వాలంటే, వచ్చే ఏడాది కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు మా రెండో వంతు తమకి వదిలెయ్యమన్నారు. చిన్న ధర కాదు. ఆటగాళ్ల మార్పిడికి గడువు మంగళవారం సాయంత్రంతో ముగుస్తుంది.

సోమవారం మధ్యాహ్నం మేనేజర్ రాబర్టా హేన్స్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ, నేను, పెద్ద కోచ్ వాల్ట్ స్టాన్‌కోవ్‌స్కీ. వాల్ట్ ఒళ్లో కాగితం పరుచుకుని వేయించిన పెర్చ్ చేప తింటున్నాడు. నేను మేబ్రీ ఆట టేపు పెట్టాను. రెండు నిమిషాలు చూసి ఆపమన్నాడు.

"ఒరేయ్ క్లైడ్, రిసీవర్ని చూపిస్తానని చెప్పి బంతులు మోసే పిల్లాణ్ణి చూపిస్తావేంట్రా?"

"పరుగు చూడండి కోచ్."

"చూశా. ఎండలో చూశా. డిసెంబర్లో మన సరస్సు మీంచి గాలి కొడితే వీడు బంతితో సహా పిట్స్‌బర్గ్‌లో తేలతాడు."

"టచ్‌డౌన్ లైను దాటి పాయింట్లు తెచ్చాక ఎటు ఎగిరిపోయినా నాకభ్యంతరం లేదు," అంది రాబర్టా.

నేను నవ్వాను. వాల్ట్ నవ్వలేదు. చేప కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాడు.

"ఎడ్డీ స్ప్రేగ్ గురించి మీకెప్పుడూ చెప్పలేదు," అన్నాడు. "నేను కాలేజీలో కోచ్‌గా ఉన్నప్పటి మాట. ఇంతే ఉండేవాడు. ఇలాగే పరిగెత్తేవాడు. మైదానం మధ్యలో బంతి పట్టుకుంటుంటే తలకి దెబ్బ తగిలింది. లేచి, బాగానే ఉన్నా కోచ్ అన్నాడు. సరేనని మళ్లీ పంపించా. ఇంకో దెబ్బ తగిలింది. ఇప్పుడు అల్టూనాలో వాళ్లక్క దగ్గరుంటాడు. ప్రతి వేసవిలో వెళ్లి చూసొస్తా. నేనెవరో ప్రతిసారీ చెప్పుకోవాలి."

రాబర్టా అడిగింది. "మేబ్రీ ఎత్తు చూసి వద్దంటున్నారా వాల్ట్, ఎడ్డీని తలుచుకుని వద్దంటున్నారా?"

"ఆ రెంటికీ తేడా నాకు తెలీడం లేదు."

నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ జట్టుకి ఏం కావాలో నాకు కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. "ఎడ్డీ పొట్టివాడని దెబ్బతినలేదు కోచ్," అన్నాను. "మళ్లీ పంపించారు కాబట్టి దెబ్బతిన్నాడు."

వాల్ట్ ముఖం ఎర్రబడింది. లేచి బయటికెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే సన్నటి వానలో కార్ల మధ్య అటూ ఇటూ నడుస్తున్నాడు. నెత్తిన టోపీ కూడా లేదు.

"నీ ఉద్యోగం పోతే నా పూచీ లేదు," అంది రాబర్టా.

"పోతే పోనీండి మేడమ్. నేనన్నది అబద్ధమా?"

"అబద్ధమైతే ఇంత కోపమెందుకొస్తుంది?"

తడిసి ముద్దయి తిరిగొచ్చాడు వాల్ట్. కూర్చోలేదు. "తెప్పించండి. కానీ నాదొక షరతు. వాణ్ణి ఎప్పుడు బయట కూర్చోబెట్టాలో నేనొక్కణ్ణే చెప్తా. ఎందుకని నువ్వడగవు, ఆవిడ అడగదు. పేపరోళ్లడిగినా నేను చెప్పను."

ఇద్దరం ఒప్పుకున్నాం. రాబర్టా ఫోనందుకుంది.

గురువారం పొద్దున మేబ్రీ పల్చటి జాకెట్‌తో దిగాడు. చలికి పెదాలు కొట్టుకుంటున్నాయి. మా రిసీవర్లలో అందరికన్నా భారీ మనిషి గోర్డీ హల్మ్ అతన్ని తలమీంచి కిందిదాకా చూశాడు. ఆ చూపుకి పెద్ద టైం పట్టలేదు.

"ఏరా, మీ నాన్నేడీ? నిన్నిక్కడ దింపి కారు పెట్టడానికెళ్లాడా?"

"లేదన్నా," అన్నాడు మేబ్రీ. "నీ ఇటుపక్క నుంచి అటుపక్కకి రావడానికి ఆయనకింకో పూట పడుతుందిట. నడుస్తున్నాడు."

గదంతా ఘొల్లుమంది. గోర్డీ అందరికంటే గట్టిగా నవ్వాడు. సాయంత్రం తన పాత కోటు తెచ్చిచ్చాడు. అది మేబ్రీకి పాదాల దాకా వచ్చింది. అయినా వేసుకున్నాడు.

ఆ ఆదివారం మొదటి కొద్ది నిమిషాల్లోనే మేబ్రీ మైదానం అంచు గీత వెంట నేరుగా దూసుకెళ్లాడు. బంతి అతన్ని కూడా దాటి అవతల పడింది. కానీ అతని వెనక ఎదుటివాళ్లిద్దరు పరిగెత్తారు. ఏడాదంతా ఇద్దరు మనుషుల్ని మెడకేసుకుని ఆడిన గోర్డీ దగ్గర ఒక్కడంటే ఒక్కడు లేడు! తర్వాతి బంతి అతనికే. నన్నే వెతుక్కుంటూ వచ్చిందిరా అని ఆట అయ్యాక చెప్పినవాళ్లకే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు. గెలిచాం. ఆ పైవారమూ గెలిచాం.

కానీ వాల్ట్ మేబ్రీని గీత పక్కనే పరిగెత్తించేవాడు. పెద్ద మనుషులు గుద్దుకునే మైదానం మధ్యలోకి పంపేవాడు కాదు. నవంబర్లో ఓ రోజు సాధన అయ్యాక మేబ్రీ నేరుగా వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"కోచ్, నన్ను దిష్టిబొమ్మలా నిలబెట్టడానికి తెచ్చుకున్నారా?"

"ఒళ్లు హూనం కాని దిష్టిబొమ్మవి. సంతోషించు."

"మధ్యలో ఆడటం నాకూ వచ్చు. చిన్నప్పట్నుంచీ నాకంటే పెద్దోళ్ల మధ్యే ఆడాను. నాకంటే చిన్నోళ్లు ఎక్కడ దొరుకుతారు?"

వాల్ట్ పెదవి వణికింది. నవ్వాపుకుంటున్నాడని నాకర్థమైంది. "ముందు ఎలా పడతావో చూపించు," అన్నాడు. బురదలో అరగంట పడ్డాడు మేబ్రీ. దెబ్బ వచ్చే వైపుకి భుజం తిప్పి, బంతిని కడుపులో దాచుకుని, ఎలుకలా ముడుచుకుపోయి పడేవాడు. మర్నాటి నుంచి మధ్యలోకి పంపడం మొదలైంది.

డిసెంబర్ ఆఖరి ఆట మా మైదానంలోనే. గెలిస్తే ప్లేఆఫ్స్‌కి, అంటే పై పోటీలకి, వెళతాం. ఓడితే ఇంటికి. పొద్దున్నుంచి మంచు పడుతూనే ఉంది. చివరి భాగంలో నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేసరికి మేబ్రీ మైదానానికి అడ్డంగా మధ్యలోకి వచ్చాడు. బంతి కాస్త ఎత్తుగా వచ్చింది. ఎగిరి పట్టుకున్నాడు. గాల్లో ఉన్నవాడు ముడుచుకోలేడు కదా. ఎదుటి జట్టు మనిషి పూర్తి వేగంతో వచ్చి గుద్దాడు.

ఆ చప్పుడు గీత బయట నిలబడ్డ నాక్కూడా వినిపించింది. ఇతన్ని ఇక్కడికి తెప్పించింది నేనేనన్న మాట తప్ప ఇంకేదీ తోచలేదు.

మేబ్రీ లేచాడు. బంతి వదల్లేదు. స్టేడియం హోరెత్తిపోయింది. అతను దులుపుకుని, నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి ఎదుటి జట్టు వాళ్ల మధ్య నిలబడ్డాడు.

గోర్డీ వెళ్లి భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. డాక్టర్ వేళ్లు చూపించాడు, ఏ ఊరని అడిగాడు. మేబ్రీ మొదటిసారి తప్పు చెప్పాడు, రెండోసారి సరిగ్గా చెప్పాడు. "ఆడొచ్చు," అన్నాడు డాక్టర్. ఆ రోజుల్లో అంతకు మించి చూసేవాళ్లు కాదు.

"బాగానే ఉన్నా కోచ్," అన్నాడు మేబ్రీ.

వాల్ట్ అతని హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకో. వాడికిచ్చావంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

"కోచ్! ఇంకో రెండు నిమిషాలే! నన్ను చూస్తేనే వాళ్లు చెదిరిపోతారు, మీకు తెలీదా?"

"తెలుసు. కూర్చో."

మేబ్రీ నోటికొచ్చినట్టు తిట్టాడు. హెల్మెట్ కోసం నా చేతులు గుంజాడు. వెనక జనం అతని పేరు అరుస్తున్నారు. ఒక్క మాట అడిగితే వాల్ట్ మెత్తబడతాడేమోనని నాకనిపించింది. అడగనని ఒప్పుకున్నాను. హెల్మెట్‌ని రెండు చేతులతో పొట్టకి అదుముకుని నిలబడ్డాను.

ఆఖరి బంతి గోర్డీకి వేశారు. మేబ్రీ లేడు కాబట్టి మళ్లీ ఇద్దరు అతని మీదే ఉన్నారు. బంతి వేళ్లకి తగిలి కింద పడింది. ఓడిపోయాం.

బట్టలు మార్చుకునే గదిలో మేబ్రీ నా పక్కన కూర్చున్నాడు. "ఎవరు గెలిచారు కోచ్?" అని అడిగాడు. చెప్పాను. నన్నెందుకు ఆపారని మండిపడ్డాడు, తువ్వాలు విసిరికొట్టాడు. కాస్త చల్లబడ్డాక నా వైపు తిరిగి, "ఎవరు గెలిచారు?" అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అంతే కోపం, అవే మాటలు. వాల్ట్ గుమ్మంలోనే నిలబడి ఇదంతా విన్నాడు. వెళ్లి, కారు తెచ్చి, అతన్ని తనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

పేపరోళ్లు వాల్ట్‌ని ఉతికి ఆరేశారు. ఆయన ఒకటే మాట అన్నాడు: "నా నిర్ణయం." ఆ చిన్నవాడి కోసం రెండో వంతు పారేసుకున్నారు కదా, తప్పేనా అని రాబర్టాని అడిగారు. "తప్పో ఒప్పో నాకనవసరం. మళ్లీ చెయ్యాల్సొస్తే మళ్లీ చేస్తా," అందావిడ.

మేబ్రీ తలనొప్పి జనవరి దాకా పోలేదు. తగ్గాక వాల్ట్‌తో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఫ్లోరిడా వెళ్లిపోయాడు. అతని ఒప్పందం అయిపోయింది. వెచ్చటి ఊళ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు రమ్మంటున్నారని విన్నాం. ఇక రాడనుకున్నాను.

మార్చిలో ఓ మధ్యాహ్నం మేబ్రీ, గోర్డీ ఇచ్చిన కోటు ఈడ్చుకుంటూ వచ్చి, నన్ను పలకరించకుండా వాల్ట్ గదిలోకి పోయాడు. తలుపు వెయ్యలేదు.

"ఆ రోజు ఆపినందుకు మీ మీద నాకింకా కోపంగానే ఉంది."

"ఉండనీ."

"మళ్లీ అలాంటి దెబ్బ తగిల్తే?"

"మళ్లీ ఆపుతా."

"మళ్లీ తిడతా."

"తిట్టు. ఈసారి కాస్త కొత్తవి నేర్చుకునిరా."

మళ్లీ మేబ్రీ గొంతు: "మిగతా జట్లవాళ్లనీ ఇదే అడిగాను. డాక్టరెలా చెప్తే అలా అన్నారు. సంతకం ఎక్కడ పెట్టాలి?"

వాల్ట్ ఏమన్నాడో నాకు వినపడలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. మేబ్రీ బయటికొచ్చి నన్ను చూశాడు.

"ఖాళీయేనా కోచ్?"

"ఎందుకు?"

"ఎత్తుగా వచ్చే బంతులు. గాల్లోకి ఎగరకుండా పట్టడం నేర్చుకోవాలి. పదండి."

"బయటింకా మంచుందిరా."

"ఉంటే ఉంది," అని కోటు విప్పి నా కుర్చీ మీద పడేసి, మైదానం వైపు నడిచాడు. నేను బంతుల సంచీ భుజానికెత్తుకుని వెనకాల పరిగెత్తాను.