పడుకున్న మెట్లు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కూచుని, సగంలో ‘ఆ, కోతలు!’ అన్నవాళ్ళకి మాత్రం ఇంటికెళ్ళేటప్పుడు మెట్టు కాలికి అందదు. ముందే చెప్పడమైంది.

జగ్గయ్యపేటలో రాగసుధ అరచెయ్యి తగిలితే ఎంతటి మెట్లయినా పడుకునేవి.

మామూలు మెట్లా అవి! రోడ్డు మీద కొత్త తారు పడ్డప్పుడల్లా ఇళ్ళ పునాదులు దానికంటే జానెడు పైకి లేపే ఊరు. గడప ఎంత ఎత్తుంటే మనిషికి అంత మర్యాద. ఇంజనీరు భవానీప్రసాద్ గారి మేడ మెట్లెక్కితే ముక్త్యాల దగ్గర కృష్ణ కనపడుతుందనేవాళ్ళు, ఎక్కినవాడికి చూసే ఓపిక మిగిలితే.

రాగసుధ ఆ మేడ మీద ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసేది. రోజూ పొద్దున్నే చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, కిందిమెట్టుని గేదె వీపు నిమిరినట్టు నిమిరేది. మెట్లన్నీ మోకాళ్ళు మడిచి, బద్ధకంగా కాళ్ళు చాచి, రోడ్డుకడ్డంగా ఎదుటి ఇడ్లీకొట్టు దాకా పడుకునేవి. కొట్టతను ప్లేట్లు అవతలికి జరుపుకునేవాడు. లారీవాడు బండి ఆపి బీడీ వెలిగించుకునేవాడు. పైకి చేరాక ఆవిడ పైమెట్టు మీద తట్టితే మళ్ళీ లేచి నించునేవి. పడుకున్న చాప చుట్టి మూలన పెట్టకుండా గుమ్మం దాటకూడదని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. మెట్లకీ అదే వర్తిస్తుందనుకుంది రాగసుధ.

బ్యాంకుకి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా ఇదే తంతు. ఆవిడ కోసం గ్యాసు బండలవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, మోకాళ్ళ నెప్పుల ముసలాళ్ళు కాచుక్కూచునేవాళ్ళు. ‘రాగసుధమ్మొచ్చింది, పదండి పదండి’ అంటూ వెనకాలే ఎక్కేసేవాళ్ళు. ఓసారి అలా ఒక పెళ్ళివారి ఏనుగు కూడా ఎక్కిందంటారు. ఏనుగు సంగతి వదిలేసినా మిగతాది ఊరంతా చూసిందే.

కొన్నేళ్ళ కిందట పరిటాల దగ్గర బస్సు బోల్తాపడి ఆవిడకి నడుం కింద స్పర్శ పోయింది. తర్వాత మెల్లగా, ఎవరూ గమనించకుండా, పైన కూడా పోయింది. ఎవరైనా తిట్టినా పొగిడినా గోడవతల ఇంకెవరినో అంటున్నట్టుండేది. బ్యాంకు మెట్లు మొదటిసారి పడుకున్నప్పుడు కూడా ఆవిడ ఆశ్చర్యపోలేదు. మేనేజరు మాత్రం, ‘లోపలికొచ్చి తలుపు వేసెయ్యండమ్మా, దుమ్మొస్తోంది’ అన్నాడు.

మెట్లకున్న జాలి తలుపులకి లేదు. ఆఫీసు బాత్రూం తలుపులో కుర్చీ పట్టదు. అందుకని పొద్దున బయల్దేరింది మొదలు ఇల్లు చేరేదాకా రాగసుధ గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. మే నెలలో జగ్గయ్యపేట ఎండంటే సున్నపురాళ్ళు చెమటలు కక్కాలి. దాహం వేసేది. వేసిందని తెలిసేది. అంతే.

ఒకరోజు పెనుగంచిప్రోలు నుంచి రత్తయ్య గారొచ్చారు. మిరప మీద బాగా సంపాదించి, నందిగామలో కల్యాణమండపం కట్టిస్తున్నారు. ప్లాను రాగసుధే గీసింది. పక్కన వాస్తు చూసే బ్రహ్మయ్య సిద్ధాంతిని కూడా వెంటబెట్టుకొచ్చారు.

‘ఇదేంటమ్మా, ముందంతా పాము పడుకున్నట్టు?’ అన్నారు రత్తయ్య.

‘ర్యాంపండీ. కుర్చీలో వచ్చేవాళ్ళకి, మెట్లెక్కలేని పెద్దవాళ్ళకి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలి.’

‘గేటు దాకా అదే పడుకుంటే కార్లు నా నెత్తిన పెట్టుకోనా?’

‘పైగా ఈశాన్యం,’ అన్నాడు బ్రహ్మయ్య. ‘అక్కడ బరువు పెడితే ఆ మండపంలో జరిగిన పెళ్ళి నిలవదు.’

‘మండపం ఎత్తు తగ్గిద్దామంటారా పోనీ?’ అంది రాగసుధ.

‘తగ్గించడమా! హైవే మీద పోయే బస్సులోంచి పెళ్ళికూతురి జడ కనపడాలి నాకు. అయినా మెట్ల మధ్యలో సన్నటి వాలు పోయిస్తున్నాగా.’

‘అది స్కూటర్లు ఎక్కించుకోడానికండీ.’

‘ఏదో ఒకటి. నీకెందుకమ్మా ర్యాంపు? నువ్వొస్తే మెట్లే పడుకుంటాయాయె!’

భవానీప్రసాద్ గారు నవ్వారు. సిద్ధాంతి నవ్వాడు. టీ తెచ్చినతను కూడా నవ్వాడు.

‘నేను రాని రోజున?’

‘కబురంపితే రాకుండా ఉంటావా? ఆటో ఖర్చు మాదే.’

స్కూటరుకి దారుంది, మనిషికి లేదు. రాగసుధ రబ్బరు తీసుకుని ర్యాంపు తుడిచేసింది. కోపం రావాల్సిన చోట తడిమి చూసుకుంది. ఏమీ తగల్లేదు.

మండపం లేచింది. సున్నం ఆరకుండానే అందులో మొదటి పెళ్ళి కుదిరింది, ఎస్టీడీ బూత్ జయమణి కూతురిది. జయమణిదీ చక్రాల కుర్చీయే, చిన్నప్పటి పోలియో. కాళ్ళు రాకపోయినా నోరు మాత్రం నందిగామ దాకా నడిచి వెళ్ళొచ్చేది.

పెళ్ళి వారంలోనే రాగసుధకి ఆ బూత్‌కి ఫోనొచ్చింది. బెజవాడ నుంచి ఒక ఆర్కిటెక్టు. ‘మా ఆఫీసు కిందే అండీ. గడపలు లేవు. బాత్రూం తలుపు వెడల్పు, గోడకి పట్టుకోడానికి కడ్డీ. సోమవారం చేరతారా? కాదంటే ఇంకొకర్ని చూసుకుంటాం.’

‘చేరతానని చెప్పవే, నోట్లో బెల్లంముక్కుందా?’ అని సైగ చేసింది జయమణి.

రాగసుధ, ‘ఆదివారంలోగా చెప్తానండీ’ అని పెట్టేసింది.

‘పిచ్చిదానా!’

‘నేనెళ్తే నువ్వు బ్యాంకులోకి ఎట్లా వెళ్తావక్కా? రేపు నీ కూతురి పురుటికి ఆస్పత్రిలోకి?’

నిజమే మరి. జయమణి ఫోను దుమ్ము తుడిచింది. తర్వాత అడిగింది: ‘రోజూ వాటిని మళ్ళీ ఎందుకు లేపుతావే?’

‘పరాయివాళ్ళ మెట్లు కదక్కా.’

‘పడుకున్నవాటి వల్ల ఎవడికి నష్టం? లేచి నించున్నవాటి వల్ల కదా మనకి!’

రాగసుధ కుర్చీ ఇంటివైపు తిప్పింది.

ఆదివారం పెళ్ళి. పొద్దున్నే రాగసుధ పడుకున్న చాప చుట్టకుండానే గుమ్మం దాటి, ట్రాలీ ఆటో మాట్లాడుకుంది. కుర్చీతో పాటు ఒక సూట్‌కేసు కూడా ఎక్కించింది. బ్యాంకు ముందు ఆపించింది.

‘ఇయ్యాల బ్యాంకు మూతండీ,’ అన్నాడు ఆటో అతను.

‘తెలుసు.’

దింపించుకుంది, కిందిమెట్టు నిమిరింది, మళ్ళీ ఎక్కింది. ఆస్పత్రి దగ్గరా అంతే. పోస్టాఫీసు దగ్గరా అంతే. భవానీప్రసాద్ గారి మేడ మెట్లు ఇడ్లీకొట్టు దాకా వచ్చి పడుకుంటే లారీలు పక్కసందులోంచి పోతాయిలే అని వాటినీ అలాగే వదిలేసింది. ఆ పూట ఆటో వెళ్ళిన దారి పొడుగునా జగ్గయ్యపేటలో నిలబడ్డ మెట్టు లేదు. హైవే మీదున్న గతుకులు కూడా చదునైపోయాయంటారు.

నందిగామలో మండపం ముందు జయమణి పట్టుచీర కట్టుకుని, కుర్చీలో, మెట్ల కింద కూచునుంది. పైన కూతురికి మంగళస్నానాలైపోయాయి. తల్లిని ఎత్తుకుని తీసుకెళ్తామని నలుగురు మగాళ్ళొచ్చారు. ‘నా కూతురి పెళ్ళికి నేను మూటలాగ వెళ్తానా? పొండవతలికి!’ అని తరిమేసింది.

రాగసుధ చెయ్యి పెట్టింది.

అబ్బ, ఏం పడుకోవడమది! పైమెట్టు మీద డోలు ఒళ్ళో పెట్టుకుని కూచున్న శాంతయ్య కూచున్నట్టే కిందికి దిగొచ్చాడు. మెట్లు గేటు దాకా కాళ్ళు చాచాయి. రత్తయ్య గారి కొత్త కారుని మర్యాదగా పక్కకి జరిపాయి. జయమణి ఎవరి చెయ్యీ పడకుండా, చక్రాలు తనే తిప్పుకుంటూ ఎక్కింది. వెనకాల పెళ్ళికొడుకు తాతగారు, చేతికర్రలవాళ్ళు, చంకలో పిల్లలున్నవాళ్ళు, వంటపాత్రల బండి.

అందరూ ఎక్కాక రత్తయ్య గారు వాచీ చూసుకున్నారు. ‘ఇక లేపమ్మా. కార్లొచ్చే వేళైంది.’

‘లేపనండి,’ అంది రాగసుధ.

‘ఏంటీ?’

‘సాయంత్రం బెజవాడ వెళ్ళిపోతున్నా. కబురంపినా రాను. ఇవి ఇట్లాగే ఉంటాయి.’

రత్తయ్య గారు కోపంతో మిరపకాయైపోయారు. ‘చూస్తావేం సిద్ధాంతీ, ఈశాన్యమయ్యా!’

బ్రహ్మయ్య చుట్టూ చూశాడు. పైన పెళ్ళి, కింద జనం. ‘పడుకున్నదాన్ని శాస్త్రం బరువు కింద లెక్కెయ్యదండీ,’ అన్నాడు మెల్లిగా.

‘నిద్రపోయిన బిడ్డని ఒక్కనాడైనా ఎత్తుకున్న మొహమేనా అది!’ పైనుంచి జయమణి కేక. ‘రెట్టింపు బరువుంటుంది! అయినా పెళ్ళి నిలుస్తుంది, పంచాంగం మూసెయ్!’

మండపమంతా నవ్వింది. రాగసుధ నవ్వలేదు.

మర్నాటి నుంచి రత్తయ్య గారు గునపాలు తెప్పించారు, జాకీలు తెప్పించారు. పరిటాలలో అంతెత్తు హనుమంతుణ్ణి నిలబెట్టిన క్రేనే వచ్చిందంటారు. క్రేను మూలిగింది. మెట్లు అటు ఒత్తిగిల్లి పడుకున్నాయి. ఇక చేసేదిలేక పక్కన కడ్డీలు పెట్టించి, ‘వృద్ధులకూ వికలాంగులకూ ప్రత్యేక సౌకర్యం’ అని బోర్డు రాయించి, మండపం అద్దె పెంచారు. జగ్గయ్యపేటలో జయమణి తనకి బుద్ధిపుట్టినప్పుడు బ్యాంకుకెళ్ళి మేనేజరుతో దెబ్బలాడి వస్తోంది. రాగసుధ సోమవారమే బెజవాడలో చేరింది.

మెట్లు పడుకున్నాయంటే నమ్మేశారు, సంతోషం. నమ్మడం కష్టమైంది ఇంకొకటుంది. ఆ సాయంత్రం మండపం నుంచి దిగుతూ రాగసుధ సగంలో ఆగింది. లేపుతుందేమోనని రత్తయ్య గారు ఆశగా ఒకడుగు ముందుకేశారు. ఆవిడ కిందికి వంగి, చంటిపిల్లని జోకొట్టినట్టు ఆ వాలుని జోకొట్టింది. అప్పుడు, బస్సు బోల్తాపడ్డ తర్వాత మొదటిసారి, ఆవిడకి లోపల ఏదో తగిలింది, జోకొట్టే చెయ్యి తాళం తప్పింది.

చూసినవాడు ఒక్కడే. పక్కనే కూచుని డోలుకి గుడ్డ కడుతున్నాడు. చేతి సంగతి అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వెళ్ళి అడగండి. నందిగామ, డోలు శాంతయ్య.