ఖర్జూర చెట్టు కింద ఆడది

“ఇవాళ ఏడుపు కాస్త బాగా రావాలి, తెలిసిందా?” అన్నాడు మా ఆయన వంటింటి గుమ్మంలోంచి. నేను రోట్లో వెల్లుల్లి, జున్ను నూరుతున్నాను. సాయంత్రం భోజనానికి ఆయన పాత దళంలోని స్నేహితులిద్దరు వస్తున్నారు.

మా ఆయన వీబియస్ మా యెరూషలేమును తగలబెట్టిన రోము సైన్యంలో సిపాయి. నన్ను ఇంట్లోంచి ఈడ్చుకొచ్చినవాడే తర్వాత బందీల సంతలో కొనుక్కున్నాడు. ఇటలీలో తన ఊరు బెనెవెంటం తీసుకొచ్చి, కడుపుతో ఉన్నానని తెలిశాక విడుదల చేసి పెళ్లాడాడు. “నీకో ఇల్లిచ్చాను, పేరిచ్చాను,” అని ఇప్పటికీ అంటాడు. ఇచ్చిన పేరు యూదయా, మా దేశం పేరు. నేను షఫీరానని ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ విజయానికి గుర్తుగా చక్రవర్తి కొట్టించిన వెండి దీనారం ఒకటి ఆయన దాచుకున్నాడు. ఒకవైపు లావుపాటి మెడతో, తలమీద ఆకుల కిరీటంతో చక్రవర్తి. రెండోవైపు ఖర్జూర చెట్టు కింద కూలబడి, చెంపకు చెయ్యి ఆనించి ఏడుస్తున్న ఆడది. ఆమె వెనక ఈటె పట్టుకుని ఒక మగవాడు. అతిథులకు నాణెం చూపించి, నన్ను నేలమీద అలాగే కూర్చోమని, తను వెనక నిలబడతాడు. ఎనిమిదేళ్లుగా కూర్చుంటున్నాను. మొదట్లో నిజంగానే ఏడుపొచ్చేది. ఇప్పుడు అలా కూర్చుని, పొయ్యిమీద మాంసం మాడుతుందేమో అనుకుంటాను. నాకు ఎక్కువ సిగ్గనిపించేది అదే.

ఆ సాయంత్రం మోకాలు పట్టేసి వంగలేకపోయాను.

“ముసలిదైపోయిందిరా వీబియస్,” అన్నాడు స్నేహితుడొకడు.

“అయితేనేం, పిల్ల ఉందిగా.” ఏడేళ్ల కూతురు వీబియాను పిలిచాడు మా ఆయన. “రా తల్లీ, అమ్మలా కూర్చో.”

అది పరిగెత్తుకొచ్చి కూర్చుంది. చెంపకు చెయ్యి ఆనించింది. దానికి ఎవరూ నేర్పలేదు. ముగ్గురూ పగలబడి నవ్వారు.

“నాన్నా, నాణెంమీద ఈమె ఎందుకేడుస్తోంది?”

“మేం గెలిచాం కదమ్మా, అందుకు.”

చేతిలో పళ్లెం కింద పెట్టాను.

“కాదు,” అన్నాను. “ఆ బొమ్మలో ఇద్దరు మగపిల్లలుండాలి. చెక్కినవాడు వదిలేశాడు. నీ అన్నలు. చిన్నవాణ్ణి ఈటెతో పొడిచినవాడు ఆమె వెనకే నిలబడ్డాడు చూడు.”

మా ఆయన వచ్చి నా నోటిమీద కొట్టాడు. పెదవి చిట్లింది. వీబియా లేచి నిలబడింది. తండ్రివైపు చూడలేదు.

“వాళ్ల పేర్లేంటమ్మా?” అంది.

ఆయన చెయ్యి మళ్లీ లేచేలోపు ఇద్దరి పేర్లూ చెప్పాను.