ఇంట్లో ఎవరూ లేరు

"ఛార్జింగ్ పెట్టలేదా?"

పొద్దున్నే భర్త నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఆమె ఒక కన్ను పొయ్యి మీది పాల మీద వేసి, అత్తగారి మాత్రలు డబ్బీలో సర్దుతోంది. ఆ రోజు శనివారం. అతనికి సెలవు, ఆమెకు డ్యూటీ. టీవీ పక్కన స్టాండు మీద ఉండాల్సిన హెడ్‌ఫోన్స్ సోఫా దిండు కింద నలిగి ఉన్నాయి. రాత్రి ఎక్కడ తీసి పడేశాడో అక్కడే. పాలు దించి వెళ్ళి వాటిని స్టాండుకు తగిలించింది. ఎర్ర దీపం వెలిగింది.

"మధ్యాహ్నం ఫైనల్ మ్యాచ్ ఉంది. మధ్యలో ఆగిపోతే నాకు పిచ్చెక్కుతుంది," అన్నాడు పేపరు తిరగేస్తూ.

వాటిని కొని తెచ్చిన రోజు అతని సంబరం అంతా ఇంతా కాదు. వైర్లు లేవు, ఇల్లంతా తిరుగుతూ వినొచ్చు, సరౌండ్ సౌండ్ అట. "వాన పడితే నెత్తిమీద పడ్డట్టే ఉంటుంది. వెనకాల ఎవడైనా నడిచొస్తే అడుగులు వెనకే వినిపిస్తాయి, చూడు," అని ఆమె తలకు తగిలించి చూపించాడు కూడా. నిజంగానే ఎవరో వెనక నిలబడ్డట్టనిపించి ఆమె ఉలిక్కిపడి తిరిగి చూసింది. అతను పగలబడి నవ్వాడు. ఆ తర్వాత అవి మళ్ళీ ఆమె తల మీదికి రాలేదు.

"నీ కోసమే కొన్నాను. రోజంతా ఫోన్ల మోత వింటావు కదా, ఇంట్లో అయినా నీకు ప్రశాంతంగా ఉండొద్దూ?" అన్నాడు. ఆ మాట చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు. భార్య తలనొప్పి గురించి ఆలోచించే మగవాడు ఎంతమందికి దొరుకుతాడు అన్నారు. ఆమె కూడా మొదట్లో పొంగిపోయింది. నగర నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గది ఆమెది. నల్లా రాలేదని, పైపు పగిలిందని, బురద నీళ్ళు వస్తున్నాయని ఊరు ఊరంతా ఆమె చెవిలోనే అరుస్తుంది. అరిచేవాళ్ళకు జవాబు చెబుతున్నప్పుడు గొంతులో చిరునవ్వు వినపడాలని సూపర్‌వైజరు వెనక నిలబడి గుర్తుచేస్తుంటాడు. గదిలో ఆడవాళ్ళంతా అతనికి చిరునవ్వు అనే పేరు పెట్టారు. అతను నవ్వగా మాత్రం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అలాంటి చోటి నుంచి వచ్చేసరికి హాలు నిశ్శబ్దంగా ఉంటే హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎక్కువ కాలం నిలవలేదు. టీవీలో మనుషులు నోళ్ళు కదుపుతూ ఉంటారు, ఇతను ఒక్కడే ఉన్నట్టుండి ఫక్కున నవ్వుతాడు. "మంచినీళ్ళు!" అని, తన గొంతు తనకు వినపడక, పక్కింటికి కూడా వినిపించేలా కేక వేస్తాడు. తలుపు బెల్లు మోగుతుంది, కుక్కర్ కూస్తుంది, అత్తగారు గదిలోంచి పిలుస్తుంది, ఎక్కడో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు ఫోన్ చేస్తుంది. అన్నీ ఆమెకే వినిపిస్తాయి. ఏదైనా చెబుదామని సోఫా పక్కన నిలబడి చివరిదాకా చెప్పాక, అతను ఒక చెవి మీంచి ఆ మెత్తటి గిన్నెను కాస్త పైకెత్తి, "ఏంటి?" అంటాడు. చెప్పిందంతా మళ్ళీ చెప్పడానికి ఆమెకు నోరు రాదు. "ఏం లేదు," అంటుంది. గిన్నె మళ్ళీ చెవి మీద వాలిపోతుంది. ఇలా ఎన్ని విషయాలు ఏం లేదుగా మారిపోయాయో ఆమెకే గుర్తులేదు. కూతురికి జ్వరం తగ్గిన సంగతి ఏం లేదు. తనను సీనియర్ చేస్తామన్నారన్న సంగతి కూడా ఏం లేదు.

ఆ శనివారం బయల్దేరుతూ అతని ఎదురుగా వచ్చి నిలబడి మరీ చెప్పింది. "ఏమండీ, అత్తయ్యకు నిన్నటి నుంచి తల తిరుగుతోందంటున్నారు. బాత్‌రూమ్‌కి వెళ్ళేటప్పుడు కాస్త వెంట ఉండండి."

"నాకు తెలీదా? మా అమ్మ కాదూ?"

మధ్యాహ్నం భోజనం వేళ ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అత్తగారి ఫోనూ ఎత్తలేదు. మ్యాచ్ చూస్తుంటాడు, ఆవిడ నిద్రపోతుంటుంది అని సర్దిచెప్పుకుంది. అయినా కూర్చోలేకపోయింది. డబ్బా మూసేసి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, కాస్త ముందుగా వెళ్ళనిస్తారా అని అడిగింది.

"ఇంట్లో ఎవరూ లేరా?"

"మా ఆయన ఉన్నారు."

"మరింకేం? మీ ఆడవాళ్ళకి ఊరికే కంగారు," అని ఆయన గడియారం వైపు చూశాడు. ఆమె వెళ్ళి మళ్ళీ సీట్లో కూర్చుంది. ఆ సాయంత్రం ఎవరికి ఏం జవాబు చెప్పిందో ఆమెకే తెలియదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. బెల్లు కొట్టి లాభం లేదని తెలుసు, తన తాళంతోనే తలుపు తీసుకుంది. హాల్లో తెర మీద జనం చేతులెత్తి ఊగిపోతున్నారు, చడీ చప్పుడూ లేదు. అతను కాళ్ళు బల్ల మీద చాపుకుని ఉన్నాడు. ఆమె వైపు చూడకుండానే, వచ్చావా అన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు ఆమెకు నీళ్ళ చప్పుడు వినిపించింది. బాత్‌రూమ్‌లో కొళాయి ధారగా పోతోంది. ఆ ధార కింద ఇంకో చప్పుడు. ఎవరో గోళ్ళతో చెక్కను గీకుతున్నట్టు.

బ్యాగు ఎక్కడ పడేసిందో తెలీదు. బాత్‌రూమ్ తలుపు కొద్దిగా తెరుచుకుని ఆగిపోయింది, అవతల ఏదో అడ్డు. ఆ అడ్డు అత్తగారి భుజం. ఒంటిని ఓరగా చేసుకుని లోపలికి దూరింది. ఆవిడ వాష్‌బేసిన్‌కీ తలుపుకీ మధ్య పక్కకు ఒరిగి పడి ఉంది. బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. పెదాలు నీలం తిరిగాయి. ఒక చెయ్యి తలుపు మీదే ఉంది.

"వచ్చావా, అమ్మాయీ," అంది. గొంతు పోయి గాలి మాత్రమే వచ్చింది.

కొళాయి కట్టేసి, తువ్వాలు కప్పి, "ఏమండీ!" అని అరిచింది. ఇంకోసారి అరిచింది. ఇల్లు అదిరేలా అరిచింది. అత్తగారు కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపింది, దండగ అన్నట్టు. చివరికి పరుగున వెళ్ళి టీవీకీ అతనికీ మధ్య నిలబడింది.

"అబ్బా, అడ్డు తప్పుకో! కప్పు ఇచ్చేస్తున్నారు," అన్నాడు కేకేసి. ఆ తర్వాతే ఆమె ముఖం చూశాడు, తడిసిన చేతులు చూశాడు.

తుంటి ఎముక విరిగింది. ఆ రాత్రే ఆపరేషన్ చేయాలన్నారు. అంబులెన్సు పిలిచింది ఆమె, ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకు చెప్పింది ఆమె, ఉంగరాలు ఊడదీసి రుమాలులో మూటకట్టింది ఆమె. అతను గోడకు ఆనుకుని, "అసలు నాకు వినపడనే లేదు," అని వచ్చిన ప్రతివాళ్ళతోనూ అంటున్నాడు. నర్సుతో అన్నాడు, స్ట్రెచర్ తోసేవాడితో కూడా అన్నాడు. అతని ముఖం నిజంగానే పాలిపోయి ఉంది. ఆమెకు జాలి కూడా వేసింది. అతనికి తాగడానికి నీళ్ళు తెద్దామని వరండా చివరికి వెళ్ళింది.

గ్లాసుతో తిరిగి వస్తుంటే అతను చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. వీపు ఇటు ఉంది.

"ఏం చెప్పనే, మన ఖర్మ. మధ్యాహ్నం పడిపోయిందట. ఆ టైముకి ఇంట్లో ఎవరూ లేరు. మీ వదిన డ్యూటీకి పోయింది."

ఆమె అక్కడే ఆగిపోయింది. అతను అబద్ధమాడుతున్నాడనుకుంటే కోపమొచ్చేది, ఆ కోపం దులిపేసుకునేది. కానీ ఆ గొంతు ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి గొంతు. అది దాచిపెట్టే గొంతు కాదు, ఉన్నదున్నట్టు చెబుతున్న గొంతు. ఆ ఇంట్లో, ఆ సోఫాలో, తల్లికి పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్న తను అతని లెక్కలో ఎవరూ కాడు. ఇంట్లో ఉండడం అనేది ఆమె పని. ఆమె ఉంటే ఇల్లు నిండుతుంది, లేకపోతే ఖాళీ. సూపర్‌వైజరు అడిగినప్పుడు తను ఏమంది? మా ఆయన ఉన్నారు అంది. అంత ధైర్యంగా ఎలా అనగలిగింది? గ్లాసులో నీళ్ళు తనే తాగేసింది.

ఆపరేషన్ అయిన మర్నాడు అత్తగారికి కాస్త తెలివొచ్చింది. ఆమె తడిగుడ్డతో ఆవిడ ముఖం తుడుస్తూ, అడగకూడదనుకుంటూనే అడిగింది. "అత్తయ్యా, గట్టిగా పిలవలేకపోయారా ఆయన్ని?"

"పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను."

"ఆయనకి వినపడలేదా మరి?"

"వాణ్ణి పిలవలేదే. నిన్ను పిలిచాను. నువ్వు డ్యూటీకి పోయావని తెలుసు. వాడు హాల్లో ఉన్నాడనీ తెలుసు. అయినా నోటికి అమ్మాయీ అనే వచ్చింది. మధ్యలో ఒకసారి గుర్తొచ్చింది, వాడున్నాడు కదా అని. వాడి పేరు పిలవాలంటే..." ఆవిడ దుప్పటి అంచు సర్దుకుంది. "పాపం, మ్యాచ్ చూసుకుంటున్నాడు కదా అనిపించింది."

ఆమె చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. ఎముక విరిగి, నీళ్ళలో పడి ఉండి కూడా! ఈవిడ మీద కోప్పడాలా, ఈవిణ్ణి పట్టుకుని ఏడవాలా? తను మాత్రం? సంగతులన్నీ ఏం లేదు అని మింగేసింది ఎవరి కోసం? ఆవిడ పడిపోయి ఉండి కూడా చేసిన పనినే తను రోజూ నిలబడి చేస్తోంది.

మూడో రోజుకు ఆడపడుచు దిగింది. తల్లి మంచం చుట్టూ ఒకసారి తిరిగి, కళ్ళు తుడుచుకుని, ఆమెను పక్కకు పిలిచింది. "వదినా, నిన్ను తప్పుపట్టడం కాదు గానీ, ఇంట్లో మనిషంటూ ఉంటే ఇంత జరిగేదా? ఆ ఫోన్ల ఉద్యోగం మానేస్తే ఏం పోయింది?"

"నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడు అతను. "తనే మానేస్తానంటుందిలే. నేను చెప్పాలా?"

ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని ఇద్దరూ ఒప్పుకోలు కింద జమ వేసుకున్నారు. ఆడపడుచు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని అరటిపండు ఒలిచింది.

అంతలో వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. నడవడం నేర్పే కర్రల స్టాండు ఒకటి తోసుకుంటూ, బెల్టు భుజాన వేసుకుని, గలగలా మాట్లాడే పిల్ల. "ఏం మామ్మా, లేచి కూర్చుందామా? ఎల్లుండి పంపించేస్తారంట. మంచం మీంచి లేపడం, బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళడం, కూర్చోబెట్టడం ఇప్పుడే చూపించేస్తాను. ఇంట్లో ఈవిణ్ణి చూసుకునేదెవరు? ముందుకు రండి."

గదిలో చూపులన్నీ ఆమె మీదికి తిరిగాయి. ఆడపడుచువి, అతనివి, దిండు మీంచి అత్తగారివి. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. అతనైతే ఆమెకు దారి ఇవ్వడానికి ఒక అడుగు వెనక్కి జరిగాడు కూడా. ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. అలవాటు పడ్డ కాళ్ళు. మంచం ఊచను గట్టిగా పట్టుకుని ఆగింది.

"ఎవరండీ?" అంది ఆ అమ్మాయి మళ్ళీ.

"వాళ్ళబ్బాయి," అంది ఆమె.

అతను నవ్వబోయాడు. "అదేంటి? నాకివన్నీ ఎక్కడొచ్చు?"

"రావు కాబట్టే నేర్పుతానంటున్నారు. వచ్చే సోమవారం నుంచి నేను డ్యూటీకి వెళ్తున్నాను. నన్ను సీనియర్ చేశారు, మీకు చెప్పాను. మీరు సెలవు పెట్టండి."

"వదినా!" అంది ఆడపడుచు, అరటిపండు చేతిలోనే ఉంది. "మగాడు... అమ్మని బాత్‌రూమ్‌కి..."

"నువ్వు కూడా రా, నేర్చుకుందువు గానీ," అంది ఆమె. ఆడపడుచు అరటిపండు బల్ల మీద పెట్టేసింది.

అతని ముఖం కందిపోయింది. అందరి ముందూ ఇంకేమనలేక, వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పినట్టు వంగాడు. ఒక చెయ్యి తల్లి వీపు వెనక్కి, ఇంకోటి మోకాళ్ళ కిందికి. సగం లేవగానే ఆవిడ "అమ్మా!" అని కేక పెట్టింది. ఆ కేకకు ఆమె ఒళ్ళంతా ఒక్కసారి ముందుకు తూగింది. ఊచ మీద పట్టు బిగించింది. అత్తగారి కళ్ళు కొడుకు భుజం మీంచి ఆమెను వెతుక్కున్నాయి, ఆమె చూపు తిప్పుకోలేదు, కదల్లేదు కూడా. ఆ కళ్ళు ఆమె ముఖంలో ఏం చదివాయో ఏమో, మెల్లగా వెనక్కి మళ్ళి, దగ్గరగా ఉన్న కొడుకు ముఖం మీద ఆగాయి.

"నొప్పిగా ఉందిరా," అంది ఆవిడ.

అతను దిక్కుతోచక భార్య వైపు చూశాడు. ఆమె ఊచ వదల్లేదు. తల్లి వైపు తిరిగాడు.

"ఎక్కడమ్మా?" అని అడిగాడు.