ఏ ఇబ్బందీ పెట్టదు

మోకాలితో కూతురి వీపుకి ఆసరా ఇచ్చి, చెంచాతో పాలు తాగిస్తూ, కాజాలావిడ గోడ గడియారం వైపు చూసింది. దర్జీ కొట్టులో చొక్కాలకి కాజాలు కుట్టడం ఆమె పని. వీధిలో ఆమెకి ఆ పేరే మిగిలింది. కూతురికి తొమ్మిదేళ్లు. కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినవు. చెవులు మాత్రం పాము చెవులు.

ఆమె కొట్టుకి వెళ్తే పిల్లని చూసుకునేది పక్కింటి పిన్ని. ఒళ్లు సహకరించక, పిన్ని ఈ సాయంత్రం బస్సుకి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతోంది. ఇలాంటి పిల్లల్ని చూసుకునేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సంరక్షణ భత్యం వస్తే కాజాలావిడ పని తగ్గించుకుని పిల్ల దగ్గర ఉండొచ్చు. రాకపోతే ఏం చెయ్యాలో ఆమెకి తోచడం లేదు.

మొదటిసారి కాదన్నారు. తప్పు ఆమెదే. చూడటానికి ఇంటికొచ్చిన ఉద్యోగి ముందు పిల్లకి నున్నగా తల దువ్వి, కొత్త గౌను తొడిగి, "మా అమ్మాయి బంగారమండీ, ఏ ఇబ్బందీ పెట్టదు," అంది. కన్నబిడ్డని పరాయివాళ్ల ముందు ఏ తల్లి తక్కువ చేస్తుంది? ఆయన ఆ మాటే రాసుకుపోయాడు.

ఇవాళ ఆఫీసులో అప్పీలు. బల్లకి అవతల కళ్లజోడు పెట్టుకున్న అధికారిణి. "రోజూ మీరు పడే కష్టమేమిటో చెప్పండమ్మా."

పక్కనే చక్రాల కుర్చీలో పిల్ల కళ్లింత చేసుకుని వింటోంది. "ఏముందండీ... మంచి పిల్లండీ," అని తల్లి ఆగిపోయింది.

"బాగానే ఉంది సంబడం!" అంది వెనక నుంచి, తోడొచ్చిన పిన్ని. తన ఉన్ని శాలువా పిల్ల తలకి చుట్టి, రెండు చెవుల మీదా అరచేతులు అదిమి, కూనిరాగం అందుకుంది. "ఇప్పుడు చెప్పవే. దాచకు."

చెప్పింది. రాత్రిళ్లు లేచి పక్కకి తిప్పడం, ముద్ద గొంతుకి అడ్డం పడితే బోర్లించి వీపు తట్టడం, ఎత్తి ఎత్తి నిలవనంటున్న నడుం, తను పోతే పిల్ల గతేమిటన్న భయం. శాలువాలో పిల్ల కితకితలు పెట్టినట్టు నవ్వుతూనే ఉంది. అధికారిణి అన్నీ రాసుకుని, కాగితం మీద సంతకం పెట్టింది. "వస్తుందమ్మా. వచ్చే నెల నుంచే."

బస్సు కిటికీ దగ్గర కాజాలావిడ పిన్ని చెయ్యి వదల్లేదు. "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో పిన్నీ."

"చాల్లేవే. ఇది లేకపోతే నాకు పొద్దెలా పోయేది?"

బస్సు మలుపు తిరిగేదాకా చూసి ఇంటికొచ్చారు. ఇంతటి మనిషి పక్కింట్లో దొరకడం ఏ జన్మ పుణ్యమోనని ఆమెకి గుండె నిండిపోయింది. పిల్లని మంచం మీదికి ఎత్తబోతుంటే, అది మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుని అడిగింది.

"అమ్మా... నడుం... బాగా నొప్పా?"

ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి. పిల్ల మళ్లీ నవ్వింది, అచ్చం ఆ గదిలో నవ్వినట్టే. మెడ చుట్టూ పిన్ని శాలువా ఇంకా వెచ్చగానే ఉంది.