లోపలికి దోపిన ఎర్ర పట్టీ

మా ఆయనకు ఏదైనా వేలాడుతూ కనిపిస్తే గిట్టదు. పార్సిల్ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా ప్యాకింగ్ సూపర్‌వైజరు మరి. తాడు కొస కనిపిస్తే లోపలికి దోపుతారు, టేపు చివర లేస్తే బొటనవేలితో అదిమేస్తారు. దుప్పటి అంచు, నా చెప్పు పట్టీ, జడలోంచి తప్పించుకున్న వెంట్రుక, ఏదీ ఆయన కంటపడకుండా ఉండలేదు. నేనేమో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీని. ఒంటి నిండా దారాలు వేలాడుతూ ఇంటికొస్తాను. ఇరవై ఏడేళ్ళ కాపురం ఎలా గడిచిందో మీరే ఊహించుకోండి.

ఈ సముద్ర విహారం మా అమ్మాయి పుణ్యం. పెళ్ళిరోజు కానుకట. "మూడ్రోజులు ఇద్దరూ హాయిగా ఉండిరండమ్మా" అంది. మేం దిగిన లాడ్జికి రోడ్డు లేదు. మోటారు పడవవాడు మమ్మల్ని దింపి, మూడో రోజు సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు. నీళ్ళ మీద కర్రలు పాతి కట్టిన చెక్క గదులు. తలుపు తేమకు ఉబ్బిపోయి భుజంతో గుద్దితే గాని తెరుచుకోదు. ఉన్న ఒక్క కిటికీకీ గాలికి కొట్టుకోకుండా మేకులు దిగ్గొట్టారు. మంచం ఒకటి, కుర్చీ ఒకటి. కుర్చీ ఎవరిదో చెప్పక్కర్లేదు.

మొదటి సాయంత్రం వరండాలో, మర్నాడు మమ్మల్ని కయాక్‌లలో తీసుకెళ్ళబోయే గైడు పాఠం చెప్పింది. ముప్పై ఏళ్ళు నిండని పిల్ల. ఎండకు కమిలిన ముక్కు, హెడ్మాస్టరు గొంతు. వినడానికి మేమిద్దరం, ఒక కొత్త జంట. కయాక్ అంటే సన్నటి పడవ. అందులో కాళ్ళు బారచాపి కూర్చోవాలి. నీళ్ళు లోపలికి రాకుండా నడుముకు ఒక రబ్బరు గుడ్డ తొడుక్కుని, దాని అంచును పడవలో కూర్చునే గుంత చుట్టూ బిగించాలి. దాన్ని స్కర్ట్ అంటారు. నేను కుట్టిన వేల స్కర్టుల్లో మనిషిని పడవకు కట్టేసేది ఒక్కటీ లేదు.

"ఇదిగో, ముందుండే ఈ ఎర్ర పట్టీ ఎప్పుడూ బయటే ఉండాలి" అంది గైడు. "పడవ తలకిందులైతే దీన్ని పట్టుకుని లాగండి, గుడ్డ ఊడొస్తుంది, మీరు బయటపడతారు. ఇది లోపలికి పోయిందా, నీళ్ళలో ఎంత గింజుకున్నా రాలేరు. అందుకే ఎవరిది వాళ్ళే వేసుకోవాలి. మొగుడికి పెళ్ళాం వెయ్యొద్దు, పెళ్ళానికి మొగుడు వెయ్యొద్దు."

కొత్త జంట ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మా ఆయన అప్పుడు వరండా స్తంభానికి వేలాడుతున్న తాడును చుట్ట చుడుతున్నారు.

మర్నాడు పొద్దున గులకరాళ్ళ మీద ఉన్న ఇద్దరి పడవలో ముందు సీట్లో కూర్చుని ఆ గుడ్డతో కుస్తీ పట్టాను. వెనక ఎక్కిస్తే ముందు ఊడుతుంది, ముందు ఎక్కిస్తే వెనక. చూసి చూసి ఆయన వచ్చారు.

"జరుగు, అలా కాదు. నీకెప్పుడు వచ్చింది గనక" అంటూ నాలుగు వైపులా బిగించేశారు. నిజం చెప్పొద్దూ, నాకూ సుఖంగానే అనిపించింది. ఆ తర్వాత వెనక సీట్లో కూర్చుని తనదీ బిగించుకున్నారు. "అందరికీ అయిందా?" అని గైడు అరిస్తే, "మాకు ఓకే!" అని ఇద్దరి తరఫునా చెయ్యెత్తారు. గైడు మా దగ్గరికి రాబోయేంతలో కొత్త జంట పడవ అడ్డం తిరిగింది. ఆమె అటు పరిగెత్తింది. మా ఆయన తెడ్డుతో నేలను నెట్టి పడవను నీళ్ళలోకి దింపేశారు.

అరగంట బాగానే సాగింది. ఎదురుగా చిన్న దీవి, అక్కడికి వెళ్ళి రావాలి. సగం దూరంలో గాలి మారింది. అలలు పక్కనుంచి కొట్టడం మొదలైంది. ఒళ్ళోకి నీళ్ళు పడితే తుడుద్దామని గుడ్డ మీద చెయ్యి ఆడించాను. గుడ్డ కింద ఏముందో కళ్ళు చూడకపోయినా నా వేళ్ళు చెబుతాయి. అంచు కింద మడతపెట్టిన పట్టీ చేతికి తగిలింది. మడత కూడా ఎంత నీటుగా ఉందో.

"ఏవండీ, నా పట్టీ లోపలుంది."

వెనక తెడ్డు ఆగింది.

"లోపలికి దోపేశారు. నాకు రావడం లేదు." అంచు పట్టుకుని పీకాను. తడి రబ్బరు, చలికి కొయ్యబారిన వేళ్ళు. గోరు విరిగింది గాని గుడ్డ కదల్లేదు.

"ఏం కాదు" అన్నారు చివరికి. గొంతు అదోలా ఉంది, కోపమనుకున్నాను. "కదలకుండా కూర్చో. ఒడ్డుకెళ్ళాక నేనే తీస్తాను."

"గైడుని పిలుద్దాం."

"ఎందుకు, నలుగురిలో నవ్వులపాలు కావడానికా? నలభై నిమిషాలు ఓపిక పట్టలేవూ?"

నడుం దాకా బిగించిన మూటలా కూర్చున్నాను. కాళ్ళు మడవలేను, వెనక్కి తిరగలేను, లేవలేను. అల తగిలి పడవ ఒరిగినప్పుడల్లా నల్లటి నీళ్ళు నా మోచేతిని తాకి వెళ్ళాయి. పిలిస్తే ఆయన పరువు పోతుంది, పిలవకపోతే నా ప్రాణం పోతుంది. కక్కలేక మింగలేక అంటే ఇదే కాబోలు. అయినా అరవలేదు చూడండి, అదీ నా బుద్ధి. పది అలలు లెక్కపెట్టాను. పదకొండో అలకు పడవ పక్కకు ఎంత వాలిందంటే, నా చెవిలోకి ఉప్పునీళ్ళు పోయాయి.

లైఫ్ జాకెట్‌కు విజిల్ ఉంటుంది. ప్రాణం మీదికొస్తేనే ఊదాలి, ఊదితే అందరూ ఆగాలి.

"వద్దు" అన్నారు వెనకనుంచి.

ఊదాను. ఊపిరి అయిపోయేదాకా ఊదాను.

గైడు నాలుగు తెడ్లేసి వచ్చేసింది. తన పడవను మా పడవకు ఆనించి, నా తుంటి పక్కన గుడ్డను పిడికిట పట్టి, పళ్ళు బిగించి ఒక్క గుంజు గుంజింది. గుడ్డ లేచింది. పట్టీ బయటికి తీసి, మళ్ళీ నాచేతనే వేయించింది. ఎర్ర పట్టీ నా ఎదురుగా గాలికి ఊగుతుంటే ఏడుపొచ్చింది.

"ఎవరు వేశారిది?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో నేను ఎవరి ముందూ ఆయన తప్పు ఎత్తలేదు. మాడిన ఇస్త్రీ, తప్పిన రైలు, అన్నీ నా ఖాతాలోనే వేసుకున్నాను.

"మా ఆయన" అన్నాను.

గైడు వెనక్కి చూసింది. "సార్, మీది బయటే ఉందా?"

"ఉంది" అన్నారు. ఒళ్ళో రెయిన్‌కోటు పరుచుకున్నారు కాబోలు, ఆమె మెడ చాచి చూడబోయింది. అంతలో కొత్త పెళ్ళికూతురు కెవ్వుమంది. వాళ్ళ పడవ అలకు అడ్డం పడింది. "వెనక్కి, లాడ్జికే పదండి!" అని గైడు అటు దూసుకుపోయింది.

ఎలాగో ఒడ్డు చేరాం. పడవ ముక్కు గులకరాళ్ళకు తగలగానే పట్టీ లాగాను. గుడ్డ టప్పున ఊడింది. నా అంతట నేనే దిగి నిలబడ్డాను. కొత్త జంట అప్పటికే దిగి ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు.

మా ఆయన దిగలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, సముద్రాన్ని చూస్తున్నట్టు నటిస్తున్నారు. ఆయనకు సముద్రమంటే అంత ప్రేమ ఎప్పటినుంచో నాకు తెలీదు.

"కాస్త ఇటు రా" అన్నారు మెల్లగా.

వెళ్ళాను. ఒళ్ళోని రెయిన్‌కోటు జరిపారు. ఆయన గుడ్డ అంచు చుట్టూ నున్నగా ఉంది. ఎర్రటిదేదీ కనిపించలేదు. వేలి కొసలు మాత్రం రక్తం చిమ్మేలా కమిలిపోయి ఉన్నాయి. నేను ముందు సీట్లో గింజుకుంటున్నంతసేపూ ఆయన వెనక గింజుకుంటూనే ఉన్నారన్నమాట. గైడు అడిగితే ఉందని చెప్పి, అవే అలల మీద తిరిగొచ్చారు.

"పడవ తిరగబడితే ఏం చేద్దామనుకున్నారు?" అని అడిగాను.

నిజంగానే ఆలోచించారు. "తిరగబడదనుకున్నాను" అన్నారు.

ఒళ్ళు మండింది. జాలీ వేసింది. ఈ మనిషి చచ్చినా నోరు విప్పేవాడు కాదు, నేను విజిల్ ఊదకపోతే నన్నూ వెంటబెట్టుకుపోయేవాడు.

"తియ్యి త్వరగా, వాళ్ళు చూస్తారు."

గైడు పిడికిలి ఎక్కడ పట్టిందో నాకు తెలుసు. చెయ్యి ముందుకు పోయింది కూడా. వెనక్కి తీసుకున్నాను.

"సార్‌కి ఏమైనా సాయం కావాలా?" అని గైడు అటునుంచి కేకేసింది.

ఇలాంటి ప్రశ్నలకు ఆయన తరఫున జవాబు చెప్పేది నేనే. ఏం వద్దమ్మా, ఆయనకు అన్నీ తెలుసు అంటాను. ఆయన నా నోటివంకే చూస్తూ కూర్చున్నారు. నేను పెదవి విప్పలేదు. పెద్ద అల ఒకటి వచ్చి పడవ వెనక భాగాన్ని ఎత్తి, పక్కకు వాల్చింది. ఆయన రెండు చేతులతో అంచులు పట్టుకున్నారు.

"కావాలమ్మా" అన్నారు. అలల హోరులో ఆమెకు వినపడలేదు.

నేను కదల్లేదు.

ఆయన గొంతు సవరించుకుని, ఒడ్డంతా వినపడేలా మళ్ళీ అన్నారు.